షిఫ్ట్ మారేటప్పుడు కాలమ్ ఎవరు కడగాలి? రూమ్మేట్‌తో మాటలు ఆగిపోయాయి

బెంచ్_నంబర్_4
బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో క్యూసీ అనలిస్ట్‌ని, అంటే ల్యాబ్‌లో నాణ్యత పరీక్షించేవాణ్ణి. హైదరాబాద్ శివార్లలో, నాలుగేళ్లయింది. నాతో ఒకే రోజు జాయినైనవాడు ఒకడున్నాడు. కాలేజీ ఒకటే, రూమ్ ఒకటే. మూడు వారాలుగా మా మధ్య మాటల్లేవు. రూమ్‌లో రైస్ కుక్కర్ ఒకటే, ఇప్పుడు ఎవరి అన్నం వాళ్లు విడివిడిగా వండుకుంటున్నాం. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మాకు ఏ షిఫ్ట్ ఉదయం 6 నుంచి 2, బి 2 నుంచి రాత్రి 10, సి 10 నుంచి ఉదయం 6. ఆ నెల వాడిది సి, నాది ఏ. ఇద్దరికీ ఒకే హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏముందో విడదీసి కొలిచే మెషిన్; విడదీసే పని దానిలోని కాలమ్ అనే గొట్టంలో జరుగుతుంది). రాత్రి వాడు ఫాస్ఫేట్ బఫర్‌తో (ఉప్పు కలిసిన ద్రావణంతో) నడిచే ప్రొడక్ట్ చేస్తాడు, పొద్దున నేను వేరే ప్రొడక్ట్ పెడతాను. నెలలో మూడుసార్లు వాడు కాలమ్ కడగకుండా వెళ్లిపోయాడు. మూడోసారి సంగతి చెప్తాను. పొద్దున 11 గంటలప్పుడు నా మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పంపే ద్రావకం) పెట్టి పంప్ ఆన్ చేశాను. మామూలుగా 140 బార్ దగ్గర నిలబడాల్సిన ప్రెషర్ నా కళ్ల ముందే 210, 290, 360 అని ఎక్కేసింది. 400 దాటగానే సిస్టమ్ ఆగిపోయింది. పంప్ హెడ్ దగ్గర తెల్లగా ఉప్పు చారలు. కాలమ్ మార్చి మళ్లీ మొదలుపెడితే టెయిలింగ్ (గ్రాఫ్‌లో పీక్ తోకలా సాగడం) 2.4, మా లిమిట్ 2.0. సిస్టమ్ సూటబిలిటీయే, అంటే మెషిన్ సరిగ్గా ఉందో లేదో చూసే ముందు టెస్టే, పాస్ కాలేదు. ఆ రోజు వెళ్లాల్సిన బ్యాచ్ ఆగింది. మేనేజర్ అందరి ముందూ నన్ను నిలబెట్టి కడిగేశాడు.

ఆ రాత్రి ఒళ్లు మండి ల్యాబ్ వాట్సాప్ గ్రూపులో "నాలుగేళ్లయినా కొందరికి కాలమ్ కడగడం రాదు" అని పెట్టాను. పేరు రాయలేదు, కానీ అందరికీ తెలుసు. అప్పట్నుంచి వాడు మాట్లాడడు, కంపెనీ బస్సులో సీటు కూడా మార్చుకున్నాడు. హ్యాండోవర్ (షిఫ్ట్ అప్పగింత) అంతా హెల్పర్ ద్వారానే. షిఫ్ట్ మార్చమని మేనేజర్‌ని అడిగితే "మీలో మీరు చూసుకోండి" అన్నాడు.

తప్పు వాడిది. అయినా నేనే ముందు మాట్లాడాలా?

పరవాడ_పొగగొట్టం
గ్రూపులో పెట్టకుండా ఉండాల్సింది బ్రో. మిగతాదంతా సర్దుకునేది.

చందు_టెస్టర్
సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే గొడవ. రాత్రి రిలీజ్ పెట్టేసి ఒకడు పడుకుంటాడు, పొద్దున ఫోన్లు ఎత్తేది ఇంకొకడు. మాట్లాడేసేయండి, మూడు వారాలు చాలా ఎక్కువ.

నిప్పులాంటి_నిజం
ఎందుకు మాట్లాడాలి? మూడుసార్లు తప్పు చేసింది అతను, తిట్లు తిన్నది ఈయన. మళ్లీ ఈయనే ముందు మెట్టు దిగాలా? మన దగ్గర ఎప్పుడూ మంచివాడికే సుద్దులు చెప్తారు.

సీ18_సీనియర్
పదహారేళ్లుగా ఈ మెషిన్ల మధ్యే బతుకుతున్నాను. బెంచ్ 4, మీరు రాసిన దాంట్లో నాకొక అనుమానం ఉంది. సి షిఫ్ట్ 6కి అయిపోతుంది సరే. అతను పెట్టిన సీక్వెన్స్ (మెషిన్‌లో వరసగా నడిచే టెస్టులు) ఎన్నింటికి అయిపోతోంది? అసే (మందు ఎంతుందో చూసే టెస్ట్) అయితే తొందరగా తేలుతుంది. రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్ (మలినాల టెస్ట్) అయితే మెషిన్‌లోకి పంపే ఒక్కో శాంపిల్ ఇంజెక్షన్‌కి గంట పడుతుంది. రాత్రి 11కి మొదలుపెట్టినది పొద్దున 8 దాకా నడవచ్చు. నడుస్తుండగా కడగలేం కదా.

ఇంకొకటి. ఫాస్ఫేట్ బఫర్ కాలమ్‌లో ఉండగా దాని మీద ఎసిటోనైట్రైల్ ఎక్కువున్న మొబైల్ ఫేజ్ నేరుగా పోస్తే ఉప్పు అక్కడికక్కడే విడిపోతుంది. ముందు 90 శాతం నీళ్లు, 10 శాతం మిథనాల్‌తో అరగంటైనా పంపి, ఆ తర్వాతే మిథనాల్ పెంచాలి. అంటే బఫర్ వదిలింది అతనే కావచ్చు, ఉప్పు గడ్డకట్టించింది మాత్రం 11 గంటలకి మీరు ఆన్ చేసిన పంప్. బాధపడకండి, నిజం చెప్తున్నాను. పెట్టేముందు కాలమ్ లాగ్‌బుక్‌లో వాష్ ఎంట్రీ చూశారా?

బెంచ్_నంబర్_4
చూడలేదు సార్. కడిగే ఉంటాడనుకున్నాను.

గోంగూర_గుంటూరు
మా ఇంట్లో అన్నం గిన్నె పంచాయితీ కూడా ఇదే. వండినవాళ్లు కడగాలా, ఆఖరున తిన్నవాళ్లు కడగాలా? పదేళ్లయింది, ఇంకా తేలలేదు 😄

నిప్పులాంటి_నిజం
సీ18 సార్, అనుభవంలో మీరు పెద్దవారు, కాదనను. కానీ మూడుసార్లు జరిగితే అతనికి బాధ్యత లేదా? కనీసం "సీక్వెన్స్ నడుస్తోంది, అయ్యాక కడుగు" అని ఒక్క ముక్క చెప్పి వెళ్లాలిగా.

సీ18_సీనియర్
ఆ మాట ఒప్పుకుంటాను. చెప్పకుండా వెళ్లడం తప్పే. నేనడిగేది అతను చెప్పాడా లేదా అన్నది కాదు. చెప్పి తీరాలని మీ ఎస్‌వోపీలో (పని ఎలా చేయాలో రాసిన పత్రంలో) ఎక్కడైనా ఉందా?

క్యూఏ_అక్క
క్యూఏ (నాణ్యత హామీ విభాగం) వైపు నుంచి రాస్తున్నాను, మమ్మల్ని ఎలాగూ ఎవరూ ఇష్టపడరు. చాలా చోట్ల ఎస్‌వోపీలో "విశ్లేషణ పూర్తయిన తర్వాత అనలిస్ట్ కాలమ్‌ను కడగాలి" అని ఉంటుంది. ఏ అనలిస్ట్? మొదలుపెట్టినవాడా, పూర్తయ్యేటప్పుడు డ్యూటీలో ఉన్నవాడా? ఆ ఒక్క మాట లేకపోవడం వల్ల విడిపోయిన స్నేహాలు నేను చాలా చూశాను.

బెంచ్ 4, ఆ రోజు ఇన్సిడెంట్ ఎత్తారా, అంటే జరిగింది రిపోర్ట్ చేశారా? ఎత్తితే రూట్ కాజ్ (మూలకారణం) ఏం రాశారు?

బెంచ్_నంబర్_4
ఎత్తాం అక్కా. "అనలిస్ట్ ఎర్రర్, రీట్రైనింగ్ ఇవ్వబడింది" అని రాసి మూసేశారు. వాడి పేరు మీద. వాడికి అసలు కోపం అక్కడేనేమో. నేనే ఫిర్యాదు చేశానని అనుకుంటున్నాడు. ఇన్సిడెంట్ ఫారం నింపింది నేనే, ఎందుకంటే డ్యూటీలో ఉన్నది నేను.

ఇంకో సంగతి మొదటి పోస్టులో రాయలేదు. ఆ రోజు సాయంత్రం వాడు ఫోన్ చేసి "లాగ్‌బుక్‌లో ఆ గడి ఖాళీగా ఉంది, 6.10కి వాష్ చేసినట్టు రాసెయ్, నేను రాత్రి వచ్చి సంతకం పెడతా" అన్నాడు. కుదరదన్నాను. "ఒక్క గీత గీయలేవా నాకోసం" అని పెట్టేశాడు.

క్యూఏ_అక్క
అది రాయకపోవడం మీరు చేసిన మంచి పని. జరగని వాష్‌ని జరిగిందని, అదీ వెనక టైమ్ వేసి రాస్తే ఇక అది డేటా ఇంటిగ్రిటీ (రికార్డుల నిజాయితీ) కేసు. మేం ట్రైనింగ్‌లో చెప్పే ఆల్కోవాలో ఉన్నదంతా ఇదే: ఎవరు చేశారో తెలియాలి, చదవగలగాలి, చేసినప్పుడే రాయాలి, అసలు రికార్డే ఉండాలి, నిజమై ఉండాలి. యూఎస్ ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) ఇన్‌స్పెక్టర్ వస్తే లాగ్‌బుక్ టైమ్‌ని సాఫ్ట్‌వేర్ ఆడిట్ ట్రెయిల్‌తో (ప్రతి పనినీ టైమ్‌తో సహా తనే నమోదు చేసుకునే రికార్డుతో) పక్కపక్కన పెట్టి చూస్తాడు. 6.10కి పంప్‌లో బఫరే నడుస్తోందని మెషినే చెప్పేస్తుంది. 483లోకి (ఇన్‌స్పెక్టర్ లోపాలు రాసిచ్చే ఫారంలోకి) ఎక్కితే కాలమ్ సంగతి పక్కకుపోయి మీ ఇద్దరి ఉద్యోగాల మీదికి వస్తుంది. స్నేహితుడని కాపాడాలనుకుంటే ఆ గీత గీయకపోవడమే కాపాడటం. అతనికి అలా చెప్పారా, "కుదరదు" అని ఊరుకున్నారా?

ఇంకోటి. ఇన్సిడెంట్ రిపోర్ట్ మనిషి మీద ఫిర్యాదు కాదు. "అనలిస్ట్ ఎర్రర్" అని రాసి మూసేయడం మేనేజర్లకి తేలిక, అంతే. మా దగ్గర అలా వస్తే వెనక్కి పంపిస్తాను. మనిషి ఎందుకు పొరబడ్డాడో రాయందే ఆ తప్పు మళ్లీ వస్తుంది. మీకు మూడుసార్లు వచ్చింది.

వార్డ్_సిస్టర్_తెనాలి
నర్సుని. మా డ్యూటీలు ఉదయం 8, మధ్యాహ్నం 2, రాత్రి 8. ఏడాది పాటు ఒక సిస్టర్‌తో నాకు పడలేదు. మధ్యాహ్నం నన్ను విడిపించాల్సింది ఆవిడే, రోజూ ఇరవై నిమిషాలు లేటు. ఆ ఇరవై నిమిషాలకి నా బస్సు పోయేది, ఇంకో బస్సు కోసం ఎండలో నిలబడేదాన్ని. ఆవిడ కావాలనే చేస్తోందని గట్టిగా నమ్మాను. హ్యాండోవర్ కూడా కోపంగా, గబగబా చెప్పేసి వెళ్లేదాన్ని.

ఒకరోజు ఒక పేషెంట్‌కి యాంటీబయాటిక్ ఇచ్చానని చెప్పడం మరిచిపోయాను. చార్ట్‌లో రాశాను కానీ నోటితో చెప్పలేదు. ఆవిడ చార్ట్ చూసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే రెండో డోస్ ఎక్కేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఇద్దరి కోపం మధ్యలో పడుకుని ఉన్నది ఆ పేషెంట్.

మర్నాడు అడిగాను, "అక్కా, రెండింటికి రాలేకపోవడానికి ఏమైనా ఇబ్బందా" అని. బాబు స్కూల్ ఆటో 1.45కి వస్తుందట, దించుకుని పక్కింట్లో అప్పజెప్పి రావాలట. ఏడాదిలో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఇన్‌ఛార్జ్‌కి చెప్పి మా ఇద్దరి టైమ్ అరగంట జరిపించుకున్నాం. అప్పట్నుంచి బెడ్ దగ్గరే నిలబడి హ్యాండోవర్, ఇద్దరి సంతకాలు. మత్తు ఇంజెక్షన్లు ఇద్దరం కలిసే లెక్కపెడతాం.

పరవాడ_పొగగొట్టం
"మా ఇద్దరి కోపం మధ్యలో పడుకుని ఉన్నది ఆ పేషెంట్". ఈ మాట చదివి కాసేపు ఆగిపోయాను సిస్టర్.

హక్కులు_ముందు
అందరూ "కూర్చుని మాట్లాడుకోండి" దారి పడుతున్నారు కాబట్టి ఇంకో వైపు కూడా రాయాలి. నా పాత ఆఫీసులో ఒకడు ఏడాదిపాటు నన్ను కులం పేరుతో వెక్కిరించాడు. ప్రతివాడూ నాతో చెప్పింది ఇదే, "మాట్లాడుకో, సర్దుకో". సర్దుకున్నకొద్దీ వాడు పెరిగాడు. చివరికి తేదీలు, సాక్షుల పేర్లతో కాగితం మీద పెట్టాకే ఆగాడు.

కాలమ్ గొడవ వేరు, అవమానం వేరు. ఎస్సీ, ఎస్టీలని కులం పేరుతో దూషిస్తే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. ఆడవాళ్లని లైంగికంగా వేధిస్తే 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన ఉన్న ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి, మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇరవైమంది, ఆపైన కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అందులో కార్మికుల వైపు నుంచీ యాజమాన్యం వైపు నుంచీ సమానంగా సభ్యులుండాలి. ఇవన్నీ "టీ తాగుతూ మాట్లాడుకునే" విషయాలు కావు.

వార్డ్_సిస్టర్_తెనాలి
మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. నేను చెప్పింది పని దగ్గర వచ్చిన తేడా గురించే. మీకు జరిగింది తేడా కాదు, అన్యాయం. సర్దుకోమని మీతో అనాల్సింది కాదు.

సీ18_సీనియర్
హక్కులు గారు రాసింది పక్కన పెట్టే మాట కాదు. బెంచ్ 4, మీ మధ్య అలాంటిదేమైనా ఉందా? ఉంటే దారి మారుతుంది.

బెంచ్_నంబర్_4
లేదు సార్. వాడు ఎప్పుడూ అలాంటి మాట అనలేదు. నా చెల్లి పెళ్లికి మూడు రోజులు ముందే వచ్చి వడ్డించినవాడు.

గ్లాస్‌వేర్_గణి
నేను అనలిస్టును కాదు, ల్యాబ్‌ల హెల్పర్‌ను, కాంట్రాక్ట్. మీ పోస్టుల హెల్పర్ ద్వారా హ్యాండోవర్ అని చదివి రాస్తున్న. మా దగ్గర గూడ ఇద్దరు సార్లు మాట్లాడుకోకుంటే ఐదు నెలలు నేనే మోసిన కబుర్లు. "ఆయనకు చెప్పు బఫర్ పీహెచ్ సరిగ లేదని". నాకు పీహెచ్ అంటే ఏం తెల్సు? విన్నది విన్నట్టు చెప్పిన. ఒక అంకె తప్పు చెప్పిన్నట. ఇద్దరు కల్సి నన్ను తిట్టిన్రు. ఆ ఒక్కరోజే ఒక్కటైన్రు. నెలకు వచ్చేదే తక్కువ, కాంట్రాక్టర్ నాలుగు రోజులు రావద్దన్నడు.

మీరు కొట్లాడుకోండ్రి, కలవండ్రి, మీ ఇష్టం. ఆ పిలగాన్ని మాత్రం మధ్యల పెట్టకుండ్రి.

క్యూఏ_అక్క
గణి, మీరు రాసింది మా ల్యాబ్ వాళ్లందరికీ చదివి వినిపిస్తాను. బెంచ్ 4, మిగతావి ఎలా ఉన్నా ఇది ఈరోజే ఆపండి.

బెంచ్_నంబర్_4
ఆపేశాను. నిజంగా ఆ కోణం ఆలోచించలేదు. మా హెల్పర్ వయసు పంతొమ్మిది.

రిటైర్డ్_హెడ్‌క్యాషియర్
బ్యాంకులో 31 ఏళ్లు చేశాను. మా దగ్గర క్యాష్ సేఫ్‌కి తాళాలు రెండు, ఇద్దరి దగ్గర ఉంటాయి. ఒకరి తాళంతో తెరుచుకోదు. నేనూ, అకౌంటెంటూ ఎనిమిది నెలలు మాట్లాడుకోలేదు. రోజూ పొద్దున పక్కపక్కన నిలబడి, ఒకరి మొహం ఒకరం చూడకుండా తాళాలు తిప్పేవాళ్లం. గొడవ ఎందుకు మొదలైందో ఇప్పుడు ఇద్దరికీ గుర్తులేదు.

ఒక శనివారం లెక్కలో ఐదువందల నోట్లు ఒక కట్ట తగ్గింది, యాభైవేలు. రాత్రి తొమ్మిదిదాకా ఇద్దరం నేలమీద కూర్చుని లెక్కపెట్టాం. వేరే డినామినేషన్ పెట్టెలో దొరికింది. పెట్టింది నేను. ఆయన ఒక్క మాట అనలేదు, బయటికెళ్లి రెండు టీలు తెచ్చాడు. నేను ఆయన స్థానంలో ఉంటే ఆ మాట అనేసేవాణ్ణి. మీ స్నేహితుడు రాత్రి ఇంకేదైనా పని మీద వేసుకుని ఉన్నాడా, కనుక్కోండి బాబూ.

నిప్పులాంటి_నిజం
సార్ కథ బాగుంది. కానీ ప్రతిసారీ ఓ కట్ట తగ్గేదాకా ఆగలేం కదా. మేనేజర్ అనేవాడు ఎందుకున్నాడు? "మీలో మీరు చూసుకోండి" అన్నాడే, దాన్ని ఎవరూ ఎత్తట్లేదు. ఇద్దర్నీ పిలిచి పావుగంట కూర్చోబెడితే అయిపోయేది. అందరి ముందూ కేకలేయడానికి మాత్రం తీరిక ఉంది.

సీ18_సీనియర్
దీంట్లో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కేకలు వేసినందుకే ఈయన ఆ మెసేజ్ పెట్టాడు. పైనుంచి పడ్డ దెబ్బ పక్కవాడి మీదికి పోయింది. నేనూ టీమ్ లీడర్‌గా ఆ తప్పు చేశాను, అందుకే చెప్తున్నాను.

బెంచ్_నంబర్_4
రెండు రోజులు లాగ్‌బుక్, సీక్వెన్స్ రిపోర్టులు తీసి చూశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మొదటిసారి సీక్వెన్స్ 5.25కి అయిపోయింది. వాడు కడగలేదు. అది పూర్తిగా వాడి తప్పే.
రెండోసారి 7.05కి అయింది. మూడోసారి 7.40కి. అంటే రెండుసార్లూ అది ముగిసే సమయానికి డ్యూటీలో ఉన్నది నేను. నేను వేరే మెషిన్ దగ్గర పనిలో ఉన్నాను, 11 దాకా ఇటు రాలేదు.

ఎస్‌వోపీ కూడా తీశాను. అక్క రాసిన వాక్యమే, అక్షరం తేడా లేదు. "అనలిస్ట్ కడగాలి".

ఇంకోటి అటెండెన్స్ షీట్‌లో చూశాను. మూడోసారి జరిగిన రోజు వాడు బి, సి రెండూ చేశాడు. రిలీవర్ రాలేదు. పదహారు గంటలు. ఆ సంగతి నాకు తెలియదు.

గోంగూర_గుంటూరు
పదహారు గంటలు నిలబడ్డాక నేనైతే నా పేరే మరిచిపోతాను.

హక్కులు_ముందు
ఓవర్‌టైమ్‌కి రెట్టింపు వేతనం ఇచ్చారో లేదో కూడా అడగమనండి. అది ఉపకారం కాదు, చట్టం.

నిప్పులాంటి_నిజం
సరే, నేను కొంచెం తగ్గుతున్నాను. మూడింట్లో ఒకటి అతనిది, రెండు మధ్యలోవి. కానీ వెనక టైమ్ వేయమని అడగడం మాత్రం నేను మరిచిపోను.

పరవాడ_పొగగొట్టం
ఇప్పుడు సారీ ఎక్కడ చెప్పాలి? గ్రూపులోనా, విడిగానా? గ్రూపులో అన్నారు కాబట్టి గ్రూపులోనే అంటాను నేను.

క్యూఏ_అక్క
ముందు విడిగా. మొహం చూసి చెప్పకుండా గ్రూపులో పెడితే అది పదిమంది కోసం పెట్టినట్టు ఉంటుంది. తర్వాత గ్రూపులో రెండు వాక్యాలు చాలు. "కానీ నువ్వు కూడా" అని మొదలుపెట్టకండి, ఆ "కానీ" దగ్గరే మొత్తం చెడిపోతుంది.

రిటైర్డ్_హెడ్‌క్యాషియర్
ల్యాబ్‌లో వద్దు, బస్సులో వద్దు. రూమ్‌లో, భోజనం దగ్గర.

బెంచ్_నంబర్_4
నిన్న వీక్లీ ఆఫ్, ఇద్దరం రూమ్‌లోనే ఉన్నాం. ఇద్దరికీ సరిపడా అన్నం పెట్టాను. వాడు చూశాడు, ఏమీ అనలేదు. పప్పు వేడి చేస్తుండగా చెప్పాను. "గ్రూపులో అలా పెట్టడం నా తప్పు. రెండుసార్లు కడగాల్సింది నేను. సీక్వెన్స్ టైమ్‌లు ఇప్పుడు చూశాను."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నువ్వు ఒక్క ఫోన్ చేసుంటే చాలదారా, పక్క మంచం మీదేగా పడుకునేది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వెనక టైమ్ సంగతి వాడే ఎత్తాడు. నిద్రలో, భయంలో అన్నానన్నాడు. ఆడిట్ ట్రెయిల్ గురించి అక్క చెప్పింది చెప్తే తల పట్టుకున్నాడు.

పాతరోజుల్లా అయిపోయిందని చెప్పను. భోంచేశాం. బస్సులో ఇంకా వేరే సీట్లోనే కూర్చుంటున్నాడు. గ్రూపులో నేను రెండు వాక్యాలు పెట్టాను, మేనేజర్ చూసి ఏమీ అనలేదు.

వార్డ్_సిస్టర్_తెనాలి
తొందరపెట్టకండి. మా ఇద్దరికీ నాలుగు నెలలు పట్టింది.

సీ18_సీనియర్
సీటు సంగతి దానంతటదే చూసుకుంటుంది. ఎస్‌వోపీ మాత్రం దానంతటది మారదు. రెండు పనులు చేయండి. ఒకటి, సీక్వెన్స్ చివర్లోనే వాష్ మెథడ్ కలిపేయమనండి. వాష్ మొబైల్ ఫేజ్ వేరే లైన్‌లో పెట్టి ఉంచితే మెషినే కడుక్కుని పంప్ ఆపేస్తుంది. రెండు, మార్పు కోసం రాసేటప్పుడు ఇద్దరి పేర్లతో ఇవ్వండి.

క్యూఏ_అక్క
వాక్యం నేను చెప్తాను, ఇలా రాయండి: "విశ్లేషణ ముగిసే సమయానికి విధుల్లో ఉన్న అనలిస్ట్ కాలమ్‌ను కడగాలి. షిఫ్ట్ ముగిసేసరికి సీక్వెన్స్ నడుస్తుంటే, అది ముగిసే సమయాన్ని రిజిస్టర్‌లో రాసి, తర్వాతి అనలిస్ట్ సంతకం తీసుకోవాలి." ఛేంజ్ కంట్రోల్ (మార్పు కోసం అధికారిక అర్జీ) పెట్టండి, పాత ఇన్సిడెంట్ నంబర్ జత చేయండి. అప్పుడు ఆ "అనలిస్ట్ ఎర్రర్" మీద కూడా మళ్లీ చర్చ వస్తుంది.

గ్లాస్‌వేర్_గణి
రిజిస్టర్ ఎక్కడ పెడ్తరో గూడ రాయండ్రి. మా దగ్గర పెన్ను ఎప్పుడు దొరకదు.

బెంచ్_నంబర్_4
పెన్ను దారంతో కట్టాం గణి అన్నా 🙂

ఛేంజ్ కంట్రోల్ ఇద్దరి సంతకాలతో సోమవారం ఇచ్చాం. అది ఆమోదం అయ్యేలోపు సూపర్‌వైజర్‌ని అడిగి హ్యాండోవర్ రిజిస్టర్ ఒకటి తెరిపించాం. ఈరోజు పొద్దున నేను వెళ్లేసరికి అందులో వాడి చేతిరాత ఉంది: "సీక్వెన్స్ 5.20కి ముగిసింది. వాష్ మొదలు 5.25. ప్రెషర్ 138. రూమ్ తాళం షూ ర్యాక్‌లో పెట్టా."